పాపికొండల్లో ఒక పగలు

పెళ్లయి పాతికేళ్లు. కాపురం కోనసీమలో, గౌతమి పాయకు కూతవేటు దూరంలో. పిల్లలు ఎవరి దారిన వాళ్లు స్థిరపడ్డారు. ఇన్నేళ్లలో ఇద్దరూ కలిసి అన్నవరం వెళ్లారు, తిరుపతి వెళ్లారు, చుట్టాల పెళ్లిళ్లన్నింటికీ వెళ్లారు. మొక్కూ పెళ్లీ లేకుండా, ఊరికే చూసి రావడానికని మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. కార్తిక మాసం. కోతలకు ఇంకా వారం ఉంది. ‘పాపికొండలు చూసొద్దామా?’ అన్నాడాయన. ‘ఎందుకండీ డబ్బు దండగ’ అంటూనే ఆవిడ రాత్రికి రాత్రి పులిహోర కలిపేసింది!

తెల్లవారుజామున బయల్దేరితే రాజమహేంద్రవరం చేరేసరికి ఇంకా మంచు విడలేదు. ‘అందాల రాముడు’ (1973) సినిమాలోలా పుష్కరాల రేవులో లాంచీ ఎక్కేస్తామనుకున్నాడాయన. ఆ రోజులు పోయాయి. మధ్యలో పోలవరం కట్ట అడ్డు. 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. కాబట్టి బస్సులో ఎగువకు వెళ్లి, గండిపోచమ్మ గుడి దగ్గర బోటెక్కాలి. అమ్మవారికి దణ్నం పెట్టుకున్నాకే ఎవరైనా రేవులోకి దిగుతారు.

బోటులో అడుగుపెట్టగానే లైఫ్‌ జాకెట్‌ ఇచ్చారు. ‘చీరమీద ఇదేంటండీ, సంక్రాంతి బసవన్నలా!’ అని ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు. తానే దగ్గరుండి పట్టీలు బిగించాడు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి యాభైమంది దాకా ప్రాణాలు పోయాయి. అప్పుడు గోదారి వరదమీద ఉంది. ఆ తర్వాత రెండేళ్లపాటు ఈ విహారం దాదాపు ఆగిపోయింది. ఇప్పటికీ నీటిమట్టం పెరిగితే బోట్లు కదలనివ్వరు. కదలనివ్వకపోవడమే మంచిది.

డెల్టా మనిషికి కొండలంటే దూరాన నీలంగా కనిపించే గీత. ఇక్కడ అవి రెండువైపులా దగ్గరకొచ్చి మీద వాలినట్టుంటాయి. ధవళేశ్వరం దగ్గర కిలోమీటర్ల వెడల్పున పరచుకున్న గోదారేనా ఇది అనిపిస్తుంది! ఇరుకు సందులో సన్నగా, లోతుగా, చప్పుడు లేకుండా సాగుతుంది. స్త్రీ పాపిటలా నది ఈ కొండల్ని రెండుగా చీల్చింది కాబట్టి పాపిడి కొండలని, అదే పాపికొండలైందని చెబుతారు. ఆ మాట వినగానే ఆయన పక్కకు తిరిగి ఆవిడ పాపిట వైపు చూశాడు. ‘నెరిసిందిలెండి’ అందావిడ. ‘కొండలకీ మంచు పట్టింది కదా’ అన్నాడాయన.

ఈ అడవి చిన్నదేం కాదు. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. 2008లో దీన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. వెదురు పొదలు, టేకు, మద్ది... మధ్యమధ్యలో కొండ మీదినుంచి సన్నని నీటిధార. కొండరెడ్లు తరతరాలుగా బతికిన చోటు.

పేరంటపల్లిలో బోటు ఆగింది. మెట్లెక్కితే బాలానంద స్వామి నెలకొల్పిన రామకృష్ణ మునివాటం, శివాలయం. పక్కనే కొండమీదినుంచి జారే సెలయేరు. దోసిలి పడితే చేతులు జిల్లుమన్నాయి. పెద్దగా మాట్లాడాలనిపించని చోటు. కిందికి దిగేటప్పుడు వెదురుతో చేసిన పూలు, బుట్టలు అమ్ముతున్న కొండరెడ్డి స్త్రీ దగ్గర ఆవిడ కూర్చుంది. ధర అడిగింది. తర్వాత అలవాటు ప్రకారం ఊరు అడిగింది. బేరం అక్కడితో ఆగిపోయింది. ఏటా వరదకు ఇంట్లోకి నీళ్లొస్తున్నాయట. కాలనీకి వెళితే ఇల్లు ఉంటుంది కానీ, వెదురు ఎక్కణ్నుంచి తేవాలని అడిగిందామె. ఆవిడ దగ్గర జవాబు లేదు. అడిగినంతా ఇచ్చి రెండు పూలగుత్తులు తీసుకుంది.

తిరుగు ప్రయాణంలో దేవీపట్నం వైపు చూస్తూ ఇద్దరూ మాట్లాడుకున్నారు. పోలవరం జలాశయం పూర్తిగా నిండితే నీటిమట్టం 45.72 మీటర్లకు చేరుతుంది. ఒడ్డునున్న ఊళ్లు, పొలాలు ఆ నీటిలోకి వెళ్లిపోతాయి. కట్ట పూర్తికాకముందే, వరదలకు నీరు వెనక్కి తన్ని ఎన్నో ఇళ్లు ఖాళీ అయ్యాయి. ‘మనకి దాళ్వాకి నీళ్ల బెంగ తీరుతుందంటున్నారు కదండీ’ అందావిడ. నిజమే. 1847లో కాటన్‌ దొర మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ఆనకట్ట లేకపోతే, కరవులతో అల్లాడిన డెల్టా అన్నపూర్ణ అయ్యేదా? ఆయన ఇంట్లో కాటన్‌ బొమ్మ గోడమీద దేవుళ్ల పక్కనే ఉంటుంది. కానీ పొలానికి నీళ్లు పెట్టేటప్పుడు, పైన ఎవరో ఊరు వదులుతున్నారన్న సంగతి ఆయనకెప్పుడూ తట్టలేదు. ‘నీళ్లు వద్దనలేం. వాళ్లకి ఇవ్వాల్సింది ఇవ్వకుండా తీసుకోనూ కూడదు’ అన్నాడు. ఆవిడ తలూపింది.

కొండలు ఎక్కడికీ పోవు. కానీ కొండ కాళ్ల దగ్గరి ఇసుకతిన్నెలు, పాకలు, పల్లెలు ఇప్పుడున్నట్టే ఉండవు. చూడాలనుకున్నవాళ్లు వాయిదా వెయ్యకండి. వరదలు తగ్గాక, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. బయల్దేరేముందు బోట్లు తిరుగుతున్నాయో లేదో కనుక్కోండి. జాకెట్‌ విప్పకండి. ప్లాస్టిక్‌ సీసాల్ని నీళ్లలో పడెయ్యకండి. వెదురు బుట్ట దగ్గర మాత్రం బేరం ఆడకండి!

ఆ రాత్రి ఇల్లు చేరేసరికి పది దాటింది. ఆవిడ వెదురు పూలగుత్తుల్ని ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా తిరిగింది. చివరికి కాటన్‌ దొర బొమ్మ కింద పెట్టింది. పొద్దున్నే ఆయన చేలోకి వెళుతుంటే గుర్తుచేసింది.. ‘కాలవ తూము మూసిరండి. నీళ్లు ఊరికే పోతున్నాయి.’