సిద్ధాంత గ్రంథంలో పరీక్షకులు వెదకేదేమిటి?

సిద్ధాంత గ్రంథమనగానే మన ప్రాంతంలో చాలామంది తలపుకు వచ్చేది నల్లని గట్టి అట్ట, దానిమీద బంగారు రంగు అక్షరాలు, లోపల నాలుగైదువందల పుటలు. ఆ బరువును చేతితో ఎత్తి చూచి ఆశ్చర్యపడేవారే గాని లోపల ఏమున్నదని అడిగేవారు అరుదు. విద్యార్థులు సైతం పరీక్షకుణ్ణి తక్కెడ పట్టుకొని కూర్చున్న వర్తకునిగా ఊహించుకొంటారు. పుటలు పెరిగితే పట్టా తప్పదని నమ్ముతారు. మరికొందరు ఆయనను తప్పులు పట్టడానికే పుట్టిన శత్రువుగా భావించి, ఎక్కడా ఏ అభిప్రాయమూ చెప్పకుండా, పెద్దల మాటలనే ఒకదాని వెనుక ఒకటి పేర్చి బయటపడదామనుకొంటారు. ఈ రెండు ఊహలూ సరియైనవి కావని మా అభిప్రాయం. మనూర్ వంటి సరిహద్దు మండలం నుండి బయలుదేరి, తమ ఇంట మొదటిసారిగా ఎం.ఏ. గడప తొక్కి, పరిశోధన వైపు ఆశగా చూస్తున్న మన విద్యార్థులకు వీటివల్ల కలుగుతున్న నష్టం అంతా ఇంతా కాదు. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

పరీక్షకుడు వెదకేది మొదట ఒకటే. ఈ గ్రంథం రాకముందు తెలియని ఏ సంగతి ఇందువల్ల తెలిసింది? అది నిజమని నమ్మడానికి ఆధారమేది? తెలిసిన సంగతి చిన్నదైనా ఫరవాలేదు. ఒక తాలూకాలోని పది గ్రామాల సంగతి కావచ్చు, ఒక కవి వాడిన ఒక ఛందస్సు సంగతి కావచ్చు. అది విద్యార్థి స్వయంగా కనుగొన్నదై ఉండాలి, మరొకరు అదే దారిలో నడిచి సరిచూచుకోగలిగి ఉండాలి. భాష, అమరిక, పాదసూచికలు, ముద్రణ శుద్ధి అన్నీ ముఖ్యమే గాని, అవి దీని తర్వాతివి.

2002లో ఆస్ట్రేలియాలో ముల్లిన్స్, కైలీ అనే ఇద్దరు పరిశోధకులు, అనుభవజ్ఞులైన 30 మంది పరీక్షకులను కలిసి వారు సిద్ధాంత గ్రంథాలను ఎలా చదువుతారో విచారించి ఒక వ్యాసం ప్రకటించారు. ఇది పిహెచ్.డి. మాత్రమే, నోబెల్ బహుమతి కాదు అనే అర్థం వచ్చే పేరు దానికి పెట్టారు. అందులో తేలిన విషయాలు మన విద్యార్థులకు ధైర్యమిచ్చేవి. పరీక్షకులు గ్రంథం ఉత్తీర్ణం కావాలనే కోరికతోనే చదవడం మొదలుపెడతారు. ఏళ్ల తరబడి ఒకరు పడిన శ్రమను తిరస్కరించడానికి వారికి మనసొప్పదు. అయితే మొదటి రెండు మూడు అధ్యాయాలు ముగిసేసరికే గ్రంథం స్థాయిని గురించి వారిలో ఒక అభిప్రాయం ఏర్పడిపోతుంది. గ్రంథాన్ని అందుకోగానే ఉపయుక్త గ్రంథ సూచిని తిరగవేసి, విద్యార్థి ఏమి చదివాడో, ఏమి చదవలేదో చూచేవారు వారిలో ఉన్నారు. అచ్చుతప్పులు, లెక్క కుదరని పాదసూచికలు కనబడితే, ఇంత పైపనిలోనే అజాగ్రత్త ఉన్నవాడు సామగ్రి సేకరణలో ఎంత జాగ్రత్త వహించి ఉంటాడన్న శంక వారికి కలుగుతుంది. మన తెలుగు, ఉర్దూ శాఖల పరీక్షకులు ఇందుకు భిన్నంగా ఉంటారని మేము అనుకోము.

ఇక గ్రంథనామం సంగతి. మన విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలలో అలమారుల ముందు నిలబడి చూడండి. 'ఫలానా కవి: జీవితం, సాహిత్యం', 'ఫలానా వారి నవలలు: ఒక పరిశీలన' అన్న పేర్లు బారులు తీరి కనబడతాయి. ఆ పేరులో ప్రశ్న లేదు. ప్రశ్న లేనిచోట సమాధానం ఎక్కడనుండి వస్తుంది? జన్మస్థలం, తల్లిదండ్రులు, విద్యాభ్యాసం, రచనల పట్టిక, కథాసంగ్రహాలు, చివర 'ఈ విధంగా వీరు తెలుగు సాహితీ వినీలాకాశంలో ధ్రువతారగా వెలుగొందుతున్నారు' అన్న ఒక్క వాక్యం! పరీక్షకుడు ఆ ధ్రువతారను ఇదివరకే వందసార్లు చూచి ఉంటాడు.

దీనికి ఎదురుగా ఉస్మానియాలోనే వెలువడిన రెండు గ్రంథాలను తలచుకోవాలి. బిరుదురాజు రామరాజుగారు ఖండవల్లి లక్ష్మీరంజనంగారి పర్యవేక్షణలో తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధించి 1956లో డాక్టరేట్ పొందారు. గ్రంథం 1958లో అచ్చయింది. ప్రబంధాలనే సాహిత్యంగా పరిగణిస్తున్న కాలంలో, ఊరూరా తిరిగి స్త్రీలూ శ్రామికులూ పాడుకొనే పాటలను సేకరించి, వర్గీకరించి, ఇదీ సాహిత్యమేనని నిరూపించడం ఆయన చేసిన పని. సి. నారాయణరెడ్డిగారు 1962లో సమర్పించిన 'ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు' పేరులోనే ఒక వివాదం దాగి ఉన్నది. కొత్త కవిత్వం పాతదాన్ని తెంచుకొని పుట్టిందా, దానిలోనుండే మొలిచిందా అన్న ప్రశ్నను ఆ రెండు మాటలే లేవనెత్తుతున్నాయి. బి.ఏ. వరకు ఉర్దూ మాధ్యమంలో చదివిన వ్యక్తి ఆ గ్రంథకర్త అన్న సంగతి, ఉర్దూ పుటలూ తెలుగు పుటలూ ఒకే అట్ట కింద వెలువడే ఈ సంచిక పాఠకులకు ప్రత్యేకంగా గుర్తుచేయదగినది. రెండు భాషలు చదవడం వల్ల ఏదీ సరిగా రాదని బాధపడే విద్యార్థులు మనలో చాలామంది ఉన్నారు.

వారికి మేము చెప్పదలచినది ఇదే: హైదరాబాదులోని పరీక్షకుని వద్ద లేని సామగ్రి మీ ఇంటి ముంగిట ఉన్నది. నారాయణఖేడ్ తాలూకా 1956 నవంబరు దాకా హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో బీదరు మైసూరు రాష్ట్రానికి పోగా, ఈ తాలూకా ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి మెదక్ జిల్లాలో చేరింది. 2016లో సంగారెడ్డి జిల్లాకు మారింది. మంజీర పరిసరాలలోని ఈ నేలమీద తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ, తండాలలో లంబాడీ కలగలిసి వినబడతాయి. ఒకే మనిషి సంతలో ఒక భాష, ఇంట్లో ఒక భాష, కచేరీలో మరొక భాష మాట్లాడడం ఇక్కడ వింత కాదు. మనకు ఇది నిత్యజీవితం గనుక ఇందులో పరిశోధనకేమున్నదని తోస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకొందాం. మనూర్ ప్రాంతపు తెలుగులోని ఉర్దూ పదాలపై ఒక విద్యార్థి పరిశోధనకు పూనుకొన్నాడనుకోండి. మొదటి అధ్యాయంలోనే 'ఇంతవరకు తెలుగులోని అన్యభాషా పదాలను ఎవరూ సేకరించలేదు' అని వ్రాశాడనుకోండి. పరీక్షకుడు అక్కడే కలం పక్కన పెడతాడు. ఎందుకంటే సి.పి. బ్రౌన్ 1854లోనే మిశ్రభాషా పదాలకూ అన్యదేశ్యాలకూ ప్రత్యేకంగా ఒక నిఘంటువు ప్రకటించాడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశాన్ని 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించింది. ఈ రెండింటి పేర్లు గ్రంథ సూచిలో లేకపోతే ఆ తర్వాత ఎంత చెప్పినా పరీక్షకుని శంక తీరదు. అదే విద్యార్థి ఆ రెండింటినీ చదివి, 'బ్రౌన్ పనిచేసినది మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలలో. నిజాం రాజ్యపు కచేరీ భాష ఆయన ఎదుట లేదు. ఆ కొరతను ఈ తాలూకా మేరకు పూరించడానికి ప్రయత్నిస్తున్నాను' అని వ్రాసినట్లయితే, పరీక్షకుడు కుర్చీలో ముందుకు జరుగుతాడు. పూర్వ పరిశోధనల సమీక్ష అన్న అధ్యాయం ఎందుకని విసుక్కొనే విద్యార్థులకు ఇంతకంటె వివరణ అక్కరలేదనుకొంటాము. మనం నిలబడే చోటును చూపించడానికే అది. నలభై పుస్తకాల పేర్లను వరుసగా దండ గుచ్చడం సమీక్ష కాదు.

తరువాత ఆధారాల ప్రశ్న వస్తుంది. 'మా ప్రాంతంలో ఉర్దూ పదాలు అధికంగా వాడుతారు' అనే వాక్యం ఎవరైనా వ్రాయవచ్చు. ఎంత అధికం? ఏ గ్రామంలో? చెప్పినవారి వయసేమి, వృత్తి ఏమి, చదువేమి? ఏ సందర్భంలో చెప్పారు? పట్టా, పహాణీ, జమాబంది వంటి భూమి మాటలను ముసలి రైతు వాడినట్లే ఆయన మనుమరాలు కూడా వాడుతున్నదా? వ్రాతలో దొరికే సాక్ష్యం కూడా కావాలి. అందుకు నిజాం కాలపు సేత్వార్లు, 1954–55 నాటి ఖాస్రా పహాణీలు ఉన్నాయి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఫార్సీ, ఉర్దూ పత్రాలు ఉన్నాయి. డాక్టర్ జోర్ తదితరులు 1931లో స్థాపించిన ఇదారె అదబియాతె ఉర్దూలో వ్రాతప్రతులు ఉన్నాయి. ఉర్దూ లిపి చదవలేని తెలుగు పరిశోధకుడు ఆ తలుపుల ముందు ఆగిపోతాడు, తెలుగు పల్లెలోకి పోలేని ఉర్దూ పరిశోధకుడు ఇటు ఆగిపోతాడు. మన విద్యార్థికి రెండు తలుపులూ తెరచి ఉన్నాయి. అయినా అతడు ఇక్కడనుండి పోయి, ఇదివరకే పది గ్రంథాలు వెలువడిన ఒక మహాకవిని ఎన్నుకొని పదకొండవ గ్రంథం వ్రాస్తాడు. ఇందులో తప్పు అతనిది మాత్రమే కాదు. ఖాళీగా ఉన్న అంశం కన్నా సులభంగా పూర్తయ్యే అంశాన్ని అంటగట్టే పర్యవేక్షకులూ దీనికి బాధ్యులే.

నకలు రాతల గురించి కూడా చెప్పక తప్పదు. విశ్వవిద్యాలయ ధన సహాయ సంఘం 2018లో చేసిన నిబంధనల ప్రకారం, ఇతరుల రచనతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. అంతకు మించి 40 శాతం వరకు ఉంటే ఆరు నెలలలోగా సరిదిద్ది తిరిగి సమర్పించాలి; 60 శాతం వరకైతే ఒక ఏడాదిపాటు సమర్పించడానికి వీలులేదు; అదీ దాటితే నమోదే రద్దవుతుంది. ఈ అంకెలు చూచి, 10 శాతం లోపల దొంగిలించవచ్చునని కొందరు లెక్కలు వేసుకొంటున్నారు. యూనికోడ్ కాని పాత ఖతులలో కూర్చిన తెలుగు పుటలను యంత్రం సరిగా చదవలేదని మరికొందరి ధైర్యం. పరీక్షకుడు యంత్రం కాడన్న సంగతి వారు మరచిపోతున్నారు. ఒక పుటలో తడబడుతూ నడిచిన వాక్యం మరుసటి పుటలో హఠాత్తుగా విమర్శక శిరోమణి శైలిలో పరుగెత్తితే, ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన వాడికి ఆ గొంతు ఎవరిదో తెలియదా? పైగా నేడు ఎన్నో సిద్ధాంత గ్రంథాలు శోధగంగలో అందరికీ తెరచి ఉన్నాయి. ఇటీవల యంత్రమే వాక్యాలు అల్లి ఇస్తున్నది కూడా. అది ఎంత నునుపుగా వ్రాసినా, ఏ గ్రామంలో ఏ తేదీన ఏ ముసలమ్మ నోట ఆ మాట విన్నారని అడిగినప్పుడు విద్యార్థి తన నోటుపుస్తకం చూపించగలగాలి.

2022 నాటి నిబంధనల ప్రకారం పర్యవేక్షకునితోపాటు, ఆ సంస్థలో ఉద్యోగం చేయని ఇద్దరు పరీక్షకులైనా పిహెచ్.డి. గ్రంథాన్ని పరిశీలించాలి. వారిలో ఒకరు తిరస్కరిస్తే మూడవ వారికి పంపుతారు. మౌఖిక పరీక్ష బహిరంగంగా జరుగుతుంది. అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు వచ్చి కూర్చోవచ్చు. ఆ సభలో మన విద్యార్థులను అన్నిటికంటె కలవరపెట్టే ప్రశ్న, 'మీరు చేయలేకపోయినదేమిటి?' అన్నది. వారు దీనిని ఉచ్చుగా భావించి, 'అన్నీ సమగ్రంగా చేశాను' అంటారు. ఆ ప్రశ్న అడిగేవాడికి కావలసినది విద్యార్థికి తన హద్దు తెలుసునా లేదా అన్నది మాత్రమే. 'పది గ్రామాలకే పోగలిగాను. తండాలలో పనిచేయడానికి లంబాడీ రాదు. స్త్రీల మాట తగినంత సేకరించలేకపోయాను' అని చెప్పినవాడి మిగిలిన మాటలకు విలువ పెరుగుతుంది. ఆ హద్దులు గ్రంథం మొదటి అధ్యాయంలోనే వ్రాసి ఉంటే మరీ మంచిది.

పరీక్షకులను గూర్చి కూడా ఒక మాట. అరపుట నివేదికలో 'కృషి ప్రశంసనీయం, పట్టాకు అర్హుడు' అని వ్రాసి పంపేవారు మన మధ్య లేకపోలేదు. మారుమూల పల్లెనుండి వచ్చినవాడు, బీదవాడు, పోనీలే అనే దయ అందులో ఉండవచ్చును. ఆ దయతో పట్టా పొందిన విద్యార్థి రేపు ఉద్యోగపు ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు, తన గ్రంథంలోని మూడవ అధ్యాయంపై వచ్చే ప్రశ్నకు నివ్వెరపోతాడు. అతని వెనుక వచ్చే మనూర్ విద్యార్థిని కూడా అదే కంటితో చూస్తారు. నాలుగు పుటల నివేదిక వ్రాసి, ఇరవై ప్రశ్నలు వేసి, తిరిగి వ్రాయమని పంపిన పరీక్షకుణ్ణి ఆనాడు విద్యార్థులు తిట్టుకొంటారు. మాకు తెలిసిన ఒకరిద్దరు ఆ ప్రశ్నల కాగితాన్ని ఇప్పటికీ తమ గ్రంథం అట్టలోపల మడిచి దాచుకొన్నారు.