ఆటకు నియమాలుంటాయి, మరి యాప్‌కు?

పాతకాలపు ఆర్కేడ్ ఆటల మీద మళ్లీ మోజు పెరిగింది. ముతక పిక్సెళ్ల బొమ్మలు, పైన తరిగిపోతున్న గడియారం, దారి చూపే బాణం గుర్తు, ఒక స్కూటరు, దాని వెనక పార్శిల్ పెట్టె. ట్రాఫిక్‌ను తప్పించుకుంటూ గడువులోగా సరుకు చేర్చాలి. చేరిస్తే పాయింట్లు, ఆలస్యమైతే ఆట ముగిసినట్టే. ఆడేవారికి ఇది కాసేపు సరదా. కానీ ఇదే స్కూటరు, ఇదే పెట్టె, ఇదే బాణం గుర్తుతో హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ రోడ్ల మీద వేలాది మంది బతుకు వెళ్లదీస్తున్నారు. ఆ ఆటకూ ఈ పనికీ ఉన్న పోలిక పైకి కనిపించేదే. వాటి మధ్య ఉన్న తేడాను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోవడం లేదు.

డెలివరీని ఆటగా మలచడం కొత్త ఆలోచనేమీ కాదు. అటారీ గేమ్స్ సంస్థ 1985లో 'పేపర్‌బాయ్' అనే ఆర్కేడ్ గేమ్ తెచ్చింది. ఆ యంత్రానికి మామూలు జాయ్‌స్టిక్ బదులు సైకిల్ హ్యాండిల్ లాంటిది బిగించారు. సోమవారం నుంచి ఆదివారం దాకా చందాదారుల ఇళ్లకు పేపర్ వేయాలి. ఒక ఇల్లు మరచిపోతే ఆ చందా పోతుంది. చందాదారులంతా పోతే ఉద్యోగం ఊడుతుంది. 1999లో సెగా సంస్థ ఆర్కేడ్‌లలోకి తెచ్చిన 'క్రేజీ టాక్సీ' ఇదే సూత్రాన్ని పరుగులు పెట్టించింది. తల మీద బాణం గుర్తు దారి చూపుతుంది. గడువు దాటితే ప్రయాణికుడు డబ్బు ఇవ్వకుండానే దిగిపోతాడు. ఎదుటి వాహనాలకు తగిలీ తగలకుండా దూసుకుపోతే అదనంగా టిప్పు దక్కుతుంది. ఎంత వేగంగా నడిపినా పాదచారులు ఎగిరి పక్కకు తప్పుకుంటారు, ఎవరికీ ఏమీ కాదు.

గడియారం, లక్ష్యం, బోనస్, స్థాయి, శిక్ష. ఆటను వదలనివ్వకుండా చేసే ఈ అయిదు పరికరాలూ తర్వాతి కాలంలో పని చేయించే యాప్‌లలోకి నడిచి వచ్చాయి. దీన్నే గేమిఫికేషన్ అంటున్నారు. ఇన్ని ఆర్డర్లు పూర్తిచేస్తే ఇంత ఇన్సెంటివ్, ఇన్ని గంటలు లాగిన్‌లో ఉంటే ఇంకొంత, రేటింగ్ పడిపోతే ఆర్డర్లు తగ్గుదల, ఫిర్యాదు వస్తే ఐడీ బ్లాక్. మరో రెండు ఆర్డర్లు చేస్తే బోనస్ చేతికొస్తుందని ఫోన్ చెబుతున్నప్పుడు ఇంటికి వెళ్లిపోవడం అంత తేలిక కాదు. బ్రిటన్ పత్రిక 'ఫైనాన్షియల్ టైమ్స్' 2017లో ఉబర్ డ్రైవర్లు అనేక మందితో మాట్లాడి, వారి అనుభవాల ఆధారంగా ఒక గేమ్‌నే తయారుచేసింది. వారంలో ఇంటి అప్పు వాయిదాకు సరిపడా సంపాదించగలరేమో చూసుకోమని పాఠకులనే డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టింది.

చైనా ఈ దారిలో అందరికంటే ముందు నడిచింది. అక్కడి 'రెన్‌వు' పత్రిక 2020 సెప్టెంబరులో ప్రచురించిన సుదీర్ఘ కథనం డెలివరీ గడువులు ఎలా కుదించుకుపోతున్నాయో బయటపెట్టింది. రైడర్లు రాంగ్ రూట్లలో పోయి, సిగ్నళ్లు దాటి వేగంగా చేరిస్తే, ఆ వేగాన్నే అల్గారిథం మామూలు వేగంగా లెక్కగట్టి తర్వాతి గడువును ఇంకాస్త తగ్గిస్తోందన్నది ఆ కథనం సారాంశం. ప్రజలు మండిపడ్డాక ఎలెమ సంస్థ 'మరో అయిదు నిమిషాలు ఆగగలను' అనే బటన్‌ను వినియోగదారుల చేతికిచ్చింది. గడువు పెట్టింది కంపెనీ, దయ చూపాల్సింది మాత్రం కొనుగోలుదారు. చైనాలో విమర్శలు రేగింది సరిగ్గా ఇక్కడే.

మన దేశంలో ఈ చర్చ వీధికెక్కింది 2025 డిసెంబరులో. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్, జాతీయ స్థాయి సమాఖ్యతో కలిసి 25, 31 తేదీల్లో సమ్మెకు పిలుపునిచ్చింది. పది నిమిషాల డెలివరీ ఆపాలని, చెల్లింపుల లెక్క పారదర్శకంగా ఉండాలని, కారణం చెప్పకుండా ఐడీలు బ్లాక్ చేయకూడదని డిమాండ్ చేసింది. 2026 జనవరిలో కేంద్ర కార్మిక శాఖ జోక్యం చేసుకున్నాక బ్లింకిట్ తన ప్రచారంలోంచి 'పది నిమిషాలు' అన్న మాట తీసేసింది.

కంపెనీల వాదననూ వినాలి. బ్లింకిట్ మాతృసంస్థ ఎటర్నల్‌కు అప్పటి సీఈవో దీపిందర్ గోయల్ ఒక లెక్క చెప్పారు. సరుకు సర్దడానికి రెండున్నర నిమిషాలు పడుతుంది. ఆపైన రైడర్ సగటున రెండు కిలోమీటర్లలోపు దూరాన్ని ఎనిమిది నిమిషాల్లో దాటుతాడు, అంటే గంటకు 15 కిలోమీటర్ల వేగమే. వేగానికి కారణం ఇంటికి దగ్గరగా ఉన్న డార్క్ స్టోర్లేనని, కస్టమర్‌కు ఇచ్చిన గడువు రైడర్ ఫోన్లో అసలు కనిపించదని ఆయన అన్నారు. ఇందులో కొంత నిజం ఉంది. కానీ సగటు వేగంలో సిగ్నల్ దగ్గర ఆగిన సమయం, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రిజిస్టర్‌లో రాసిన సమయం, లిఫ్ట్ కోసం నిలబడ్డ సమయం అన్నీ కలిసి ఉంటాయి. అక్కడ పోయిన నిమిషాలను రైడర్ రాబట్టుకోవాల్సింది రోడ్డు మీదే. పైగా గడియారం తెర మీద ఉండనక్కర్లేదు. ఆర్డరుకింత అని చెల్లిస్తూ, రోజుకిన్ని ఆర్డర్లు దాటితేనే ఇన్సెంటివ్ అన్నప్పుడు గడియారం రైడర్ బుర్రలోనే తిరుగుతుంది. ప్రకటనలోంచి పది నిమిషాలు పోయినా ఆ గడియారం ఆగదు.

ఆటకూ పనికీ ఉన్న తేడా ఇక్కడే తేలుతుంది. పేపర్‌బాయ్ ఆడేవాడికి ఏ తప్పుకు ఏ శిక్షో తెలుసు. ఆట మధ్యలో నియమాలు మారవు. ఒక ప్రాణం పోతే ఇంకోటి ఉంటుంది. విసుగొస్తే లేచి వెళ్లిపోవచ్చు. యాప్‌లో ఆర్డర్ ఎవరికి ఎందుకు వెళ్తుందో, కిలోమీటరు రేటు నిన్నటికంటే ఇవాళ ఎందుకు తగ్గిందో, ఐడీ ఎందుకు ఆగిపోయిందో రైడర్‌కు తెలియదు. ఇక ప్రమాదం సంగతి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనదారులే. వీరంతా డెలివరీ రైడర్లు కాకపోవచ్చు. కానీ రైడర్ రోజూ పది పన్నెండు గంటలు తిరిగేది ఆ రోడ్డు మీదే. అక్కడ ఎవరూ ఎగిరి పక్కకు తప్పుకోరు.

చట్టం ఇప్పుడిప్పుడే కదులుతోంది. 2020 నాటి సామాజిక భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అగ్రిగేటర్ సంస్థలు వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి చెల్లించాలంటుంది, అదీ కార్మికులకు ఇచ్చే మొత్తంలో 5 శాతం మించకుండా. అయితే గిగ్ పనిని యజమాని-కార్మికుడి బంధానికి వెలుపలే ఉంచింది. కాబట్టి కనీస వేతనం, పని గంటలు వీరికి వర్తించవు. 2020-21లో 77 లక్షలుగా ఉన్న గిగ్ కార్మికులు 2029-30 నాటికి 2.35 కోట్లకు చేరతారని నీతి ఆయోగ్ అంచనా. అంతమందిని కార్మికుల లెక్కలోకి రానివ్వకుండా బీమా మాత్రం ఇస్తే సరిపోదు.

ఈ విషయంలో కర్ణాటక 2025 చట్టం ఒక అడుగు ముందుకేసింది. సంక్షేమ రుసుముతో ఆగకుండా ఒప్పంద షరతులు మార్చాలన్నా, కార్మికుణ్ని తొలగించాలన్నా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలంది. యంత్రం తీసుకునే నిర్ణయాలు రేటింగ్‌నూ సంపాదననూ ఎలా ప్రభావితం చేస్తాయో కార్మికులకు తెలియజేయాలంది. తెలంగాణ ప్రభుత్వం 2023 చివర్లో గిగ్ కార్మికులకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది, 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లు ప్రజల ముందుంచింది. బీమా అవసరమే. కానీ అది ప్రమాదం జరిగిపోయాక అక్కరకొచ్చేది. ప్రమాదానికి ముందు అక్కరకొచ్చేది నియమాలు తెలిసే హక్కు. ఆర్డరుకు కనీస రేటు ఎంత, ఇన్సెంటివ్ ఏ లెక్కన, ఐడీ ఆపితే వివరణ ఇచ్చేదెవరు అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు చెప్పించగలిగితే రాష్ట్ర చట్టం తన పని చేసినట్టే.

ఆటలోంచి ఉత్సాహాన్ని అరువు తెచ్చుకున్న కంపెనీలు అందులోని న్యాయాన్ని మాత్రం అక్కడే వదిలేశాయి. నియమాలు అందరికీ ముందే తెలియడం ఏ ఆటకైనా మొదటి షరతు. పొట్టకూటి కోసం రోడ్డెక్కినవాడు కనీసం అంత మర్యాదకైనా నోచుకోవాలి.