శ్వాననిద్ర అంటే నిద్ర మానడం కాదు



ముప్పై ఏళ్లు తెలుగు పండితుడుగా పనిచేశాను. విద్యార్థికుండవలసిన ఐదు లక్షణాలు చెప్పినప్పుడల్లా శ్వాననిద్ర దగ్గర ఆగి, నిద్రపోయేవాడికి చదువు రాదని పిల్లలను బెదిరించేవాడిని. ఆ పాఠం తప్పు చెప్పానని ఈ సంక్రాంతికి తెలిసింది.

మా తమ్ముని మనుమరాలు ఒక వైద్యకళాశాలలో పీజీ చదువుతున్నది. ముప్పై ఆరు గంటలు ఏకబిగిన డ్యూటీ చేసి, పండుగకు తోట్లవల్లూరు వచ్చింది. విస్తరి ముందు కునికిపాట్లు పడుతుంటే అలవాటు కొద్దీ శ్వాననిద్ర ప్రస్తావన తెచ్చాను. ఆ పిల్ల కోపగించుకోలేదు. "తాతయ్యా, నిద్ర సంగతి అటుంచండి. మొన్న ఒక తల్లి ఏడుస్తుంటే నాకేమీ అనిపించలేదు. ఎప్పుడు ఆపుతుందా అని గడియారం చూశాను. ఇలా అవడానికా నేను డాక్టరీ చదివింది?" అన్నది. నాకు నోట మాట రాలేదు.

దీనినే బర్నవుట్ అంటున్నారు. ఇది ఒట్టి అలసట కాదు. మనసు బండబారుతుంది, పనిపై విరక్తి పుడుతుంది, తానెందుకూ కొరగాననిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని రోగంగా గాక, పనిచోట ఎడతెగని ఒత్తిడిని చక్కదిద్దకపోవడం వల్ల కలిగే స్థితిగా నిర్వచించింది. కనుక లోపం ముందు వెతకవలసింది పిల్లలో కాదు, పనిలో.

"మేమూ పడ్డాం, ఓర్వలేనివారు ఈ వృత్తిలోకి రానేల?" అనే పెద్దలకు ఒక ఉదంతం చెబుతాను. 1984లో న్యూయార్కులో లిబ్బీ జియాన్ అనే పద్దెనిమిదేళ్ల యువతి ఆసుపత్రిలో చేరిన కొద్ది గంటలకే మరణించింది. ఆమెను చూసినవారు సుదీర్ఘమైన డ్యూటీలో ఉన్న శిక్షణ వైద్యులు. ఆ వివాద ఫలితంగా 1989లో ఆ రాష్ట్రం వారానికి 80 గంటలు, ఏకధాటిగా 24 గంటలు మించరాదని నియమం పెట్టింది. మీ ఓర్పుకు మూల్యం చెల్లించేది రోగి కూడా.

మనకు నియమాలు లేవా? 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ విధానం సాధారణంగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు అన్నది. 2023 పీజీ నియమావళి "సమంజసమైన పనివేళలు" అని ఊరుకుంది. వ్యాకరణం చెప్పినవాడిగా అంటున్నాను: సంఖ్య ఉండవలసిన చోట విశేషణం పెడితే దాని అర్థం పై అధికారి నిర్ణయిస్తాడు. 2024లో జాతీయ వైద్య కమిషన్ కార్యదళం వారానికి 74 గంటలు మించరాదనీ, ఒక సెలవు, రోజుకు 7-8 గంటల నిద్ర ఉండాలనీ సిఫారసు చేసింది. దాని సర్వేలో పాల్గొన్న పీజీలలో 31.2 శాతం మంది ఆత్మహత్యాలోచనలు కలిగాయన్నారు. నాడు 48, నేడు 74. ఇది సంస్కరణమా?

పని చేయించుకునేటప్పుడు వారు ఉద్యోగులు, హక్కులడిగితే విద్యార్థులు! యోగా తరగతులు పెడతామంటారు. మంచిదే. కాని ముప్పై ఏడవ గంటలో ప్రాణాయామం చేయమనడం పరిహాసం. కృష్ణా కాలువలకు సైతం వేసవిలో నీరు కట్టి పూడిక తీస్తారు. ఆ పాటి విడుపు మనిషికి వద్దా?

నా తప్పు నేను దిద్దుకుంటున్నాను. శ్వాననిద్ర షష్ఠీ తత్పురుష. కుక్క యొక్క నిద్ర, అనగా పిలిస్తే మేల్కొనే నిద్ర. అందులో నిద్ర అనే పదం ఉన్నది కదా! మా అరుగు మీది కుక్క పగలల్లా నిద్రపోతుంది.

వైద్యవిద్యార్థులున్న ఇళ్లవారికి ఒక మనవి. పిల్లలు మాట తగ్గిస్తే మార్కుల సంగతి పక్కన పెట్టండి. టెలి మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

మనుమరాలిని మర్నాడు తొలి బస్సెక్కించాను. ఇప్పుడు ఫోనులో చదువెలా ఉందని అడగడం లేదు, నిద్రపోయావా అమ్మా అని అడుగుతున్నాను. మూడు వారాలుగా "లేదు తాతయ్యా" అనే జవాబే వస్తున్నది.