మన శుభ్రత యెవరి సొమ్ము?

తన యిల్లూడ్చి, ఆ చెత్తను పొరుగింటి వాకిట బోయు గృహిణిని మనము మెచ్చుకొందుమా? నాలుగు చీవాట్లు పెట్టుదుము. ఆ పనినే నగరమంతయు గూడి చేసినచో దానికి నాగరికత యని పేరు పెట్టుచున్నాము.

1998వ సంవత్సరమున మాదాపూరునందు సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములు అద్దాల మేడలతో నిండినవి. వేకువనే బండి వచ్చును, చెత్త పోవును. ఎచ్చటికి బోవుచున్నదని యడుగువారు లేరు. నగరమున కీశాన్యమున జవహర్‌నగరమను నూరు గలదు. హైదరాబాదు చెత్త యేండ్ల తరబడి యచ్చట కొండయై పెరిగినది. తడిచెత్తయు పొడిచెత్తయు కలిసి క్రుళ్లగా గారిన నల్లని రసము భూమిలో నింకి నీటిని జెరచినది. మల్కారము చెరువును పాడుచేసినది.

"ప్రభుత్వము గుట్టపై మన్ను గప్పించలేదా? 2020 నవంబరున చెత్తనుండి విద్యుత్తు తీయు కర్మాగారము తెఱవలేదా?" యని కొంద ఱందురు. నిజమే. కప్పుటవలన వాననీరు లోనికి దిగుట తగ్గును. కాని యంతకు ముందే నేలలో నింకిన విషమును మూత వెనుకకు దీయజాలదు. క్రొత్త చెత్త నేటికిని వచ్చుచునే యున్నది.

"వారచ్చట నేల కాపురముండవలెను?" అని మఱికొంద ఱడుగుదురు. ఎంత క్రూరమైన ప్రశ్న! ధనవంతుడు తన కిష్టమైనచోట నుండును. కూలివాడు తన డబ్బు చాలినచోట నుండును. కంపువలన వెల తగ్గిన నేలయే బీదవానికి దక్కిన నేల. మలినములేని నీరును గాలియు జీవించు హక్కులోనివే యని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ హక్కు మేడలవారికి మాత్రమేనా?

మార్గము లేకపోలేదు. 5,000 చదరపు మీటర్లకు మించిన గేటెడ్ కమ్యూనిటీలును సంస్థలును తడిచెత్తను వీలైనంతవరకు తమ యావరణమునందే యెరువుగానో వాయువుగానో మార్చుకొనవలెనని 2016 నాటి నియమములే చెప్పినవి. ఆ పని మొదలగునది మన వంటయింటి బుట్టయొద్దనే. కూరతొక్కులతో పగిలిన గాజును, వాడిన సూదిని మనము కలిపివేసినచో వాని నేఱువారి చేయి తెగును.

చదువరులారా! నేడే బుట్టలు వేఱు చేయుడు. మీ నివాససంఘపు సభలో లేచి, "మన తడిచెత్త మన తోటలో నేల యెరువు గాకున్నది?" అని యడుగుడు. కంపు కొట్టునని యెవరైన నందురేమో! ఆ కంపునే జవహర్‌నగరపు బిడ్డలకు బంపుటకు సిగ్గుపడవలదా యని వారిని మరల నడుగుడు.