ఉద్దానంలో కిడ్నీ రోగం: ఇల్లాలికి తోడెవరు?

పలాస: ఉద్దానం పల్లెల్లో కిడ్నీ రోగానికి కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. కనుక ముందుగా పసిగట్టడమే మార్గం. చాలా ఇళ్ళలో అందరికన్నా ఆఖరున పరీక్షకు వెళ్ళేది ఇల్లాలే.

ఈ రోగం మొదట్లో బాధ పెట్టదు. కాళ్ళు వాచి, ఆయాసం వచ్చేసరికి మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. రక్తంలో క్రియాటినిన్ చూపించుకుంటే ముందే తెలుస్తుంది. కాని ఆసుపత్రికి వెళితే జీడి పిక్కల పనిలో ఆ రోజు కూలి పోతుంది. అందుకని ఒళ్ళునొప్పులకు బిళ్ళ మింగి పనికి పోతారు. అదే పనిగా వాడితే ఆ బిళ్ళలే మూత్రపిండాలకు చేటు.

డయాలసిస్ మొదలైతే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మంచం మీద ఉండాలి. భర్తకు జబ్బయితే భార్య తోడు వెళుతుంది. భార్యకు జబ్బయితే ఎవరు కూలి మానుకోవాలి? సూదులు గుచ్చడానికి ఫిస్టులా వేసిన చేతితో బరువులెత్తరాదు. బిందె, కట్టెల మోపు ఎత్తకుండా పల్లెలో ఇల్లు గడుస్తుందా?

ప్రభుత్వం ఏమీ చేయలేదనడానికి లేదు. 2019లో డయాలసిస్ రోగుల పింఛను 10,000 రూపాయలకు పెరిగింది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం జలాశయం నీటి పథకం ప్రారంభమయ్యాయి. అయితే పింఛను, పడక రోగం ముదిరాక అక్కరకొచ్చేవి. ముదరకముందే పట్టుకోవాలంటే రక్త పరీక్ష ఊళ్ళోకి, జీడి కార్ఖానాల వద్దకు రావాలి. కూలి పోని వేళ చూసి పెట్టాలి. ఇంటివారు కూడా ముందు ఇల్లాలిని వెంటబెట్టుకు వెళ్ళాలి.