బిళ్ళగన్నేరు: పెరటిలో పూవు, ప్రయోగశాలలో మందు

మే నెల రాగానే అమెరికాలోని ఏ నర్సరీలో చూచినా 'వింకా' అన్న చీటీతో తెలుపు, గులాబి, ఊదా రంగుల పూలమొక్కలు బారులుతీరి కనిపిస్తాయి. తెలుగువారు చూచిన వెంటనే "ఇది మన బిళ్ళగన్నేరే కదా!" అని గుర్తుపడతారు. మన ఊళ్ళలో గుడి ప్రాంగణంలోను, గోడ పగుళ్ళలోను, ఎవరూ నీరు పోయకుండానే పూచే మొక్క ఇది. దానినే ఇక్కడ డాలర్లు పెట్టి కొని, జూలై నాటికి చంపుకొనేవారు మనలో అనేకులు. మరికొందరు పెద్దలు చక్కెర వ్యాధి తగ్గుతుందని ప్రతి ఉదయం దీని ఆకులు నమలుతూ ఉంటారు. ఈ రెండు అలవాట్లూ పొరపాట్లేనని నా అభిప్రాయం. మొదటిదాని వలన మొక్కకు హాని, రెండవదాని వలన మనిషికి హాని.

ముందుగా పేరు విషయం. 1759లో లినేయస్ దీనికి 'వింకా రోజియా' అని పేరు పెట్టాడు. తరువాత వృక్షశాస్త్రజ్ఞులు దీనిని 'కాథరాంథస్ రోజియస్'గా వేరుచేసినా, వ్యాపారులు పాత పేరును వదలలేదు. నిజమైన వింకా యూరపు నుండి వచ్చిన తీగజాతి. చలిని తట్టుకొని, నీడలో నేలను కప్పివేస్తుంది. మన బిళ్ళగన్నేరు పుట్టిల్లు మడగాస్కర్ ద్వీపం. దానికి ఎండ కావాలి, చలి పడదు. చీటీ మీది పేరును నమ్మి, ఒకదాని బదులు మరొకటి కొని చెట్టు నీడలో నాటినవారికి నిరాశే మిగులుతుంది.

దీని పెంపకంలో ముఖ్యసూత్రం మితం. రాత్రి ఉష్ణోగ్రత 60 డిగ్రీల ఫారన్‌హీట్‌కు దిగువకు పోవడం ఆగిన తరువాతనే నాటవలెను. తొందరపడి ఏప్రిల్‌లో నాటితే ఆకులు పచ్చబారి మొక్క గిడసబారుతుంది. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ, నీరు నిలువని నేల, మొక్కకు మొక్కకు సుమారు ఒక అడుగు ఎడం ఉండాలి. నేల కొద్దిగా ఆమ్లగుణం కలిగి ఉండడం మంచిది. క్షారగుణం హెచ్చైన నేలలలో ఇనుము అందక, లేత ఆకులు ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలి పసుపురంగుకు తిరుగుతాయి.

దీని ప్రధాన శత్రువు ఫైటాఫ్తొరా అనే తెగులు. వానలకు, స్ప్రింక్లర్ల తడికి మట్టి చింది ఆకుల మీద పడినప్పుడు ఈ తెగులు సోకుతుంది. కాండం నల్లబడి కొమ్మలు వాడిపోతాయి. అది చూచి, దాహంతో వాడినదనుకొని మనం మరింత నీరు పోస్తాము. దానితో మొక్క మరింత త్వరగా చస్తుంది. కనుక నీరు పై నుండి చల్లక, వేళ్ళ దగ్గర, పై మట్టి ఆరిన తరువాతనే పోయవలెను. మొదళ్ళ చుట్టూ ఎండుబెరడు పరిస్తే మట్టి చిందదు. తెగులు సోకిన మడిలో మరుసటి ఏడు మళ్ళీ దీనినే నాటరాదు. తెగులును తట్టుకొనే 'కోరా' వంటి రకాలు నేడు దొరుకుతున్నాయి. విత్తనాలు వేసేవారు వాటిపై పలుచగా మట్టి కప్పాలి. చీకటి లేనిదే అవి సరిగా మొలకెత్తవు.

ఇక ఆకుల సంగతి. బిళ్ళగన్నేరు ఆకులు మధుమేహానికి మందన్న నమ్మకం మన దేశంలోనే కాదు, జమైకాలోనూ ఉన్నది. 1952లో జమైకా నుండి కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయ పరిశోధకుడు రాబర్ట్ నోబుల్‌కు కొన్ని ఆకులు చేరాయి. ఆ సారాన్ని నోటి ద్వారా ఇచ్చినప్పుడు ఎలుకల రక్తంలో చక్కెర తగ్గలేదు. సూదిమందుగా ఇచ్చినప్పుడు మాత్రం తెల్లరక్తకణాలు క్షీణించి, అంటువ్యాధులకు లోనై ఎలుకలు మరణించాయి. ఈ ప్రమాదమే పరిశోధకులకు దారి చూపినది. తెల్లకణాలను అణచే పదార్థం, ఆ కణాలు విచ్చలవిడిగా పెరిగే ల్యుకీమియాపై పనిచేయదా? నోబుల్, చార్లెస్ బీర్ కలసి విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. ఇండియానాపొలిస్‌లోని ఇలై లిల్లీ సంస్థ శాస్త్రజ్ఞులు విన్‌క్రిస్టిన్‌ను కనుగొన్నారు. కణవిభజనను మధ్యలో ఆపివేసే ఈ మందుకు 1963లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించినది.

ఇక్కడ మన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరించుకోవలెను. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం నుండే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ వెలువడ్డాయి. ఆయన 1948లో గతించారు. 1960ల ఆరంభంలో అమెరికన్ వైద్యులు పసిపిల్లల ల్యుకీమియాకు నాలుగు మందుల చికిత్స రూపొందించినప్పుడు, అందులో ఒకటి బిళ్ళగన్నేరు నుండి వచ్చిన విన్‌క్రిస్టిన్, మరొకటి మెథోట్రెక్సేట్. ఒకప్పుడు దాదాపు మరణశాసనమైన ఆ వ్యాధి నుండి నేడు ఈ దేశంలో పదిమంది పిల్లలలో సుమారు తొమ్మిదిమంది బయటపడుతున్నారు.

"అటువంటి దివ్యౌషధం ఉన్న ఆకు నమిలితే మంచిదే కదా" అని కొందరు వాదిస్తారు. నా సమాధానం ఇది. ఒక్క గ్రాము విన్‌క్రిస్టిన్ తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. ఆ మందును వైద్యులు మిల్లీగ్రాములలో తూచి, రక్తపరీక్షలు చేస్తూ సూదిద్వారా ఇస్తారు. మోతాదు మీరితే నరాలు దెబ్బతింటాయి. ఆకులో నూరుకు పైగా ఆల్కలాయిడ్లు ఉన్నాయి. ఏ ఆకులో ఏది ఎంత ఉన్నదో నమిలేవారికి తెలియదు. జంతువులపై జరిగిన కొన్ని ప్రయోగాలలో ఆకుసారం చక్కెరను తగ్గించిన మాట నిజమే. అయినా మనుష్యులకు ఎంత మోతాదు క్షేమమో అది చెప్పదు. డాక్టరు ఇచ్చిన మాత్రలతోపాటు ఆకునూ తింటే చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. గర్భిణులు దీనిని అసలే ముట్టరాదు. గన్నేరు విషమని మన అమ్మమ్మలు ఎరుగుదురు. బిళ్ళగన్నేరు కూడా ఆ కుటుంబానిదే.

మన తల్లిదండ్రులు వేసవికి ఇక్కడికి వచ్చినప్పుడు పెరటిలో ఈ మొక్కను చూచి సంతోషిస్తారు. ఆకులు తుంచబోతే, వారి నమ్మకాన్ని ఎగతాళి చేయక, ఈ కథ వినిపించండి. తింటున్నామంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పించండి. ఆ నమ్మకమే పరిశోధకుల చేతికి ఆకులను అందించినదని, పరీక్షే వాటిని మందుగా మార్చినదని చెప్పండి. పూలు కోసి దేవునికి పెట్టుకోమనండి. ఆకులు మాత్రం మొక్కకే ఉండనివ్వండి.