ఫ్రాన్స్‌లో సెటిలైన బ్రిటిషర్లు: జీవితాన్నే మార్చేసిన ఓటింగ్.. కానీ చాలామందికి ఓటు వేసే హక్కే లేదు!

ఫ్రాన్స్ పల్లెటూళ్లో రాతి గోడల పాత ఇల్లు. వెనకాల చిన్న తోట. వారానికోసారి ఊళ్లో సంత. రిటైరయ్యాక ఇలా ప్రశాంతంగా బతకాలన్నది చాలామంది బ్రిటిషర్ల కల. ఆ కలతోనే ఇంగ్లిష్ ఛానల్ దాటి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. కానీ 2016 జూన్ 23న జరిగిన బ్రెగ్జిట్ రెఫరెండం వాళ్ల లెక్కలన్నీ తారుమారు చేసింది. విచిత్రం ఏంటంటే, ఈ నిర్ణయం ఎవరి మీద ఎక్కువ ప్రభావం చూపిందో వాళ్లలో చాలామందికి ఆ రోజు ఓటే లేదు.

ఎందుకలా? ఇప్పుడు వాళ్ల పరిస్థితేంటి? ఇందులో మన తెలుగువాళ్లు తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎవరు వీళ్లు? ఎక్కడున్నారు?

ఫ్రాన్స్‌లో స్థిరపడ్డ బ్రిటిషర్లు సుమారు లక్షన్నర మంది ఉంటారని అంచనా. నైరుతి ఫ్రాన్స్‌లోని డోర్డోన్ ప్రాంతంలో వీళ్లు ఎంత ఎక్కువంటే, దానికి సరదాగా 'డోర్డోన్‌షైర్' అనే పేరే వచ్చేసింది. పీటర్ మేల్ అనే రచయిత 1989లో ప్రోవాన్స్ జీవితం మీద రాసిన పుస్తకం సూపర్ హిట్ అయ్యాక ఈ మోజు ఇంకా పెరిగింది. బ్రిటన్‌తో పోలిస్తే అక్కడి పల్లెల్లో ఇళ్ల ధరలు తక్కువ. యూరోపియన్ యూనియన్ ఉంది కాబట్టి వీసా గొడవ లేదు. సామాన్లు కారులో వేసుకుని వెళ్లిపోవడమే.

వీళ్లందరూ డబ్బున్నవాళ్లు అనుకుంటే పొరపాటే. పెన్షన్ మీద బతికేవాళ్లు, చిన్న గెస్ట్‌హౌస్ నడిపేవాళ్లు, ప్లంబింగ్, తోట పనులు చేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఇంకో మాట. వేరే దేశాల నుంచి పనికి వెళ్లేవాళ్లను 'మైగ్రెంట్స్' అంటారు, వీళ్లను మాత్రం 'ఎక్స్‌పాట్స్' అంటారు. బ్రెగ్జిట్ తర్వాత ఆ తేడా చెరిగిపోయింది. రెసిడెన్స్ కార్డులు, అప్లికేషన్లు, వేలిముద్రలు.. అన్నీ వీళ్లకూ వచ్చిపడ్డాయి.

15 ఏళ్ల రూల్.. ఓటుకు ఎసరు

అప్పట్లో బ్రిటన్‌లో ఒక రూల్ ఉండేది. దేశం విడిచి 15 ఏళ్లు దాటితే ఓటు హక్కు పోతుంది. రెఫరెండానికీ ఇదే వర్తించింది. దీంతో 1990లలోనే ఫ్రాన్స్ వెళ్లిపోయినవాళ్లు టీవీలో రిజల్ట్ చూడటం తప్ప ఏమీ చేయలేకపోయారు. యూనియన్ నుంచి బయటకు పోదామన్నవాళ్లు 51.9 శాతం, ఉందామన్నవాళ్లు 48.1 శాతం. తేడా నాలుగు శాతం కూడా లేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. యూనియన్ పౌరులుగా వీళ్లకు ఫ్రాన్స్ మున్సిపల్ ఎన్నికల్లో ఓటు ఉండేది. పోటీ కూడా చేయొచ్చు. 700 మందికి పైగా బ్రిటిషర్లు అక్కడి ఊళ్లలో కౌన్సిలర్లుగా పనిచేశారు. 2020 జనవరి 31న బ్రిటన్ అధికారికంగా బయటకు రాగానే ఆ హక్కు కూడా పోయింది. మార్చిలో జరిగిన మున్సిపల్ ఎన్నికల్లో వాళ్లు పోటీ చేయలేదు, ఓటూ వేయలేదు.

జెర్స్ ప్రాంతంలో ఉంటున్న ఓ బ్రిటిష్ మహిళ దీనిపై కోర్టుకెక్కారు. ఆమె 1984 నుంచి ఫ్రాన్స్‌లోనే ఉంటున్నారు. ఫ్రెంచ్ పౌరుడిని పెళ్లి చేసుకున్నారు. 15 ఏళ్ల రూల్ వల్ల బ్రిటన్‌లో ఓటు లేదు, బ్రెగ్జిట్ వల్ల ఫ్రాన్స్‌లో కూడా పోయింది. కేసు యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2022 జూన్ 9న తీర్పు వచ్చింది. యూనియన్ నుంచి బయటకు రావడం బ్రిటన్ సొంత నిర్ణయమని, దాంతో పాటే బ్రిటిషర్ల యూనియన్ పౌరసత్వం కూడా పోయిందని కోర్టు తేల్చేసింది. అంటే దాదాపు 40 ఏళ్లు ఒకే చోట బతికిన మనిషికి, ఏ దేశ ఎన్నికల్లోనూ ఓటు లేకుండా పోయింది.

2022లో బ్రిటన్ పార్లమెంట్ చట్టం మార్చింది. 2024 జనవరి 16 నుంచి 15 ఏళ్ల రూల్ ఎత్తేశారు. ఆ ఏడాది జులై 4న జరిగిన సాధారణ ఎన్నికల్లో విదేశాల్లోని బ్రిటిషర్లు ఎన్నేళ్ల క్రితం దేశం విడిచినా ఓటు వేయగలిగారు. మంచిదే. కానీ వాళ్ల జీవితాన్ని మార్చిన ఓటింగ్ ముగిసి అప్పటికే ఎనిమిదేళ్లు అయిపోయింది.

ఆ ఒక్క తేదీ: 2020 డిసెంబర్ 31

ఇప్పుడు ఫ్రాన్స్‌లో బ్రిటిషర్లు రెండు రకాలు. 2020 డిసెంబర్ 31 కంటే ముందు వచ్చి స్థిరపడినవాళ్లు, ఆ తర్వాత వచ్చినవాళ్లు. మొదటి రకం వాళ్లకు ఒప్పందం ప్రకారం రక్షణ ఉంది. ప్రత్యేక రెసిడెన్స్ కార్డు ఇచ్చారు. అప్పటికి ఐదేళ్లు నిండినవాళ్లకు పదేళ్ల పర్మినెంట్ కార్డు, నిండనివాళ్లకు ఐదేళ్ల కార్డు. 2021లో తీసుకున్న ఐదేళ్ల కార్డులకు 2026తో గడువు ముగుస్తుంది. వాటిని పర్మినెంట్‌గా మార్చుకోవాల్సిందే.

రెండో రకం వాళ్ల సంగతి వేరు. వాళ్లు మామూలు విదేశీయులే. లాంగ్ స్టే వీసా కావాలి, ఆదాయం చూపించాలి, హెల్త్ ఇన్సూరెన్స్ ఉండాలి. ఇక అక్కడ ఇల్లు కొనుక్కుని అప్పుడప్పుడూ వెళ్లొచ్చేవాళ్లయితే, వీసా లేకుండా ప్రతి 180 రోజుల్లో 90 రోజులే ఉండాలి. ఇల్లు సొంతదే, ప్రాపర్టీ ట్యాక్స్ కట్టేదీ వాళ్లే. కానీ 91వ రోజు ఆ ఇంట్లో ఉంటే రూల్ బ్రేక్ చేసినట్టే. 2025 అక్టోబర్ 12న మొదలైన కొత్త సరిహద్దు విధానంలో పాస్‌పోర్ట్ మీద స్టాంపుల బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకుంటున్నారు. రోజుల లెక్క కంప్యూటరే చూసుకుంటుంది.

వీళ్లకు వీసా సులువు చేద్దామని 2023 డిసెంబర్‌లో ఫ్రాన్స్ పార్లమెంట్ ఒక సవరణ పాస్ చేసింది. సొంతిల్లు ఉన్న బ్రిటిషర్లకు ఆటోమేటిక్‌గా లాంగ్ స్టే వీసా ఇవ్వాలన్నది దాని సారాంశం. 2024 జనవరి 25న ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి దాన్ని కొట్టేసింది. కథ మళ్లీ మొదటికే వచ్చింది.

జేబు మీద దెబ్బ ఎలా?

పెన్షన్ పౌండ్లలో వస్తుంది, ఖర్చు యూరోల్లో ఉంటుంది. రెఫరెండం రోజు పౌండ్‌కు దాదాపు 1.30 యూరోలు వచ్చేవి. అదే ఏడాది అక్టోబర్‌కి 1.10 దగ్గరకు పడిపోయింది. సింపుల్‌గా చెప్పాలంటే, నెలకు 1,000 పౌండ్ల పెన్షన్ మీద బతికే జంటకు నాలుగు నెలల్లోనే దాదాపు 200 యూరోలు తగ్గిపోయాయి. వాళ్లు చేసిన తప్పేమీ లేదు.

అంతకుముందే ఇంకో కోత పడింది. చలికాలంలో వృద్ధులకు బ్రిటన్ ఇచ్చే హీటింగ్ అలవెన్స్‌ను ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్లకు 2015 చలికాలం నుంచి ఆపేశారు. కారణం ఏం చెప్పారో తెలుసా? ఫ్రాన్స్‌లో చలికాలం సగటు ఉష్ణోగ్రత, నైరుతి ఇంగ్లండ్ కంటే ఎక్కువట! ఆ సగటు లెక్కలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్, కరీబియన్‌లోని గ్వాడెలూప్ లాంటి వేడి దీవులను కూడా కలిపేశారు. అవి కూడా ఫ్రాన్స్‌లో భాగమే కదా మరి. మధ్య ఫ్రాన్స్ కొండల్లో మంచులో వణికేవాళ్లకు ఈ లెక్క మింగుడుపడలేదు.

వైద్యం విషయంలో మాత్రం పెన్షనర్లకు ఊరట ఉంది. ఎస్1 అనే ఫారం ఉంటే ఫ్రాన్స్‌లో చికిత్స అందుతుంది, దాని ఖర్చు బ్రిటన్ భరిస్తుంది. అక్కడ జనరల్ డాక్టర్ ఫీజు 30 యూరోలు. ప్రభుత్వ బీమా అందులో సుమారు 70 శాతం తిరిగిస్తుంది. మిగతాదానికి చాలామంది విడిగా ఇన్సూరెన్స్ తీసుకుంటారు. బ్రిటన్‌లో చూస్తే ఎన్‌హెచ్‌ఎస్ ఉచితమే, కానీ 2023 సెప్టెంబర్‌లో ఒక్క ఇంగ్లండ్‌లోనే వెయిటింగ్ లిస్ట్ 77 లక్షలు దాటింది. అలాగని ఫ్రాన్స్‌లో అంతా బాగుందనుకోవద్దు. డాక్టర్లు దొరకని పల్లె ప్రాంతాలు అక్కడ చాలానే ఉన్నాయి. బ్రిటిషర్లు ఇష్టపడి ఇళ్లు కొనుక్కునేది ఎక్కువగా అలాంటి పల్లెల్లోనే.

మరి తిరిగి వెళ్లిపోవచ్చు కదా?

చాలామంది అడిగే ప్రశ్న ఇదే. బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉంది కాబట్టి ఎవరూ ఆపరు. కానీ భార్య లేదా భర్త ఫ్రెంచ్ అయితే? 2022 మార్చి వరకు పాత నిబంధనల కింద వెంట తీసుకెళ్లే వీలుండేది. ఇప్పుడు మామూలు స్పౌజ్ వీసా కావాలి. దానికి కావాల్సిన కనీస ఆదాయాన్ని 2024 ఏప్రిల్ 11న 18,600 పౌండ్ల నుంచి ఒకేసారి 29,000 పౌండ్లకు పెంచారు. తగినంత సేవింగ్స్ చూపించే దారి ఉన్నా, చిన్న పెన్షన్‌తో బతికే జంటకు అదీ కష్టమే. ముప్పై ఏళ్లు కలిసి కాపురం చేసిన జంట కూడా ఈ లెక్క చూపించాల్సిందే.

ఇంకో చిక్కు తల్లిదండ్రుల విషయంలో. ఇంగ్లండ్‌లో అమ్మకు ఒంట్లో బాగోలేదని వెళ్లి, అక్కడే ఉండిపోవాల్సి వచ్చిందనుకోండి. పర్మినెంట్ హక్కు ఉన్నవాళ్లు వరుసగా ఐదేళ్లకు మించి ఫ్రాన్స్‌కు దూరంగా ఉంటే ఆ హక్కు పోతుంది. ఇంకా పర్మినెంట్ కానివాళ్లకైతే మామూలుగా ఏడాదికి ఆరు నెలలే పరిమితి. తీవ్రమైన కారణం ఉంటే ఒక్కసారి మాత్రం 12 నెలల వరకు మినహాయింపు ఇస్తారు. అమ్మను చూసుకోవడానికి వెళ్లినా క్యాలెండర్ చూసుకోక తప్పదు.

మన తెలుగువాళ్లకు ఇందులో ఏముంది?

బ్రిటన్‌లో పనిచేస్తున్న తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్లకు ఇది పరాయి కథేం కాదు. 29,000 పౌండ్ల స్పౌజ్ వీసా రూల్, హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో భార్యను లేదా భర్తను తీసుకెళ్లే బ్రిటిష్ తెలుగువాళ్లకూ వర్తిస్తుంది. బ్రిటన్‌లో పర్మినెంట్ రెసిడెన్సీ ఉన్నవాళ్లు వరుసగా రెండేళ్లకు మించి బయట ఉంటే ఆ హోదా పోతుంది. ఇక్కడ అమ్మానాన్నలను చూసుకోవడానికి వచ్చేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇది.

పెన్షన్ విషయంలో ఇంకా పెద్ద తేడా ఉంది. ఫ్రాన్స్‌లో ఉండే బ్రిటిష్ పెన్షనర్‌కు స్టేట్ పెన్షన్ ఏటా పెరుగుతుంది. అదే పెన్షన్ తీసుకుంటూ ఇండియాలో స్థిరపడితే పెరగదు. మొదట ఎంత వచ్చిందో ఎప్పటికీ అంతే. రిటైరయ్యాక సొంతూరికి వచ్చేద్దామనుకునేవాళ్లు ముందే లెక్క చూసుకోవడం బెటర్.

ఓటు సంగతికొస్తే, బ్రిటిషర్లు విదేశం నుంచే పోస్ట్‌లో ఓటు పంపొచ్చు, లేదంటే తమ తరఫున వేరొకరితో వేయించొచ్చు. మన ఎన్నారైలు పేరు నమోదు చేసుకున్నా, పోలింగ్ రోజు స్వయంగా బూత్‌కు రావాలి. 2024 ఏపీ ఎన్నికలకు ఫ్లైట్ టికెట్లు కొనుక్కుని మరీ వచ్చినవాళ్లను చూశాం కదా.

పౌరసత్వంలోనూ తేడా ఉంది. ఫ్రాన్స్, బ్రిటన్ రెండూ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకుంటాయి. కాబట్టి బ్రిటిషర్లు ఫ్రెంచ్ పౌరసత్వం తీసుకున్నా పాతది వదులుకోవక్కర్లేదు. కాకపోతే 2026 జనవరి 1 నుంచి ఫ్రెంచ్ భాషలో బీ2 స్థాయి తప్పనిసరి చేశారు. సంతలో కూరగాయలు కొనేంత ఫ్రెంచ్ వస్తే సరిపోదన్నమాట. మనవాళ్లకైతే ఆ అవకాశమే లేదు. బ్రిటిష్ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డు ఉన్నా ఓటు ఉండదు.

చివరిగా ఒక్క మాట. ఫ్రాన్స్‌లోని బ్రిటిషర్లు చట్టం ప్రకారమే వెళ్లారు, ఇళ్లు కొన్నారు, ట్యాక్సులు కట్టారు. అయినా రూల్స్ మారినప్పుడు ఎన్నేళ్లు ఉన్నారన్నది కాదు, చేతిలో ఏ కార్డు ఉంది, దాని మీద ఏ తేదీ ఉంది అన్నదే లెక్కకొచ్చింది. సకాలంలో కాగితాలు సిద్ధం చేసుకున్నవాళ్లు నిలదొక్కుకున్నారు. తర్వాత చూద్దాంలే అనుకున్నవాళ్లు ఇబ్బంది పడ్డారు. మీ ఇంట్లోనూ విదేశాల్లో ఉన్నవాళ్లుంటే, ఈసారి ఫోన్‌లో మాట్లాడినప్పుడు వాళ్ల కార్డు గడువు ఎప్పటిదాకా ఉందో ఒకసారి అడగండి.